బైపాస్ నడుస్తున్నంతసేపూ ఆక్సిజన్‌ని కనిపెట్టుకుని ఉండటం

(పర్ఫ్యూజన్, అనస్థీషియా విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గుండె ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు యంత్రానికి అప్పగించడమే బైపాస్. ఆ యంత్రాన్నే పంప్ అంటాం, దాన్ని నడపడమే పర్ఫ్యూజన్. ఈరోజు ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. పంప్ మీద ఉన్న మనిషికి ఆక్సిజన్ అందుతోందని మనకెలా తెలుస్తోంది? తెరల మీద అంకెలు చాలా ఉంటాయి. కానీ ఒక్కో అంకె దారిలో ఒక్కో మజిలీనే చూస్తుంది. గోడలోంచి గ్యాస్ వచ్చిందా, రక్తానికి ఆక్సిజన్ కలిపే ఆక్సిజనేటర్‌కి చేరిందా, రక్తంలో కలిసిందా, ఆ రక్తం సరిపడా పారుతోందా, కణాలు దాన్ని వాడుకున్నాయా? ఈ అయిదూ వేరువేరు ప్రశ్నలు. ఏ మానిటర్ ఏం చూపిస్తుందో మీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. అది ఏం చూడలేదో తెలిసుండటం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. ప్రమాదాలు ఎక్కువగా ఆ కనపడని చోటే జరుగుతాయి కాబట్టి.

మామూలు ఆపరేషన్‌లో మనకు రెండు నమ్మకమైన కాపలాలు ఉంటాయి. ఒకటి వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్, రెండోది శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ చూపే క్యాప్నోగ్రాఫ్. పూర్తి బైపాస్ మొదలై గుండె ఆగిందంటే నాడి ఉండదు, పల్స్ ఆక్సీమీటర్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెంటిలేటర్ ఆపేస్తాం, క్యాప్నోగ్రాఫ్ గీత చదునైపోతుంది. అంటే ఊపిరితిత్తుల పని యంత్రానికి అప్పగించిన ఆ నిమిషంలోనే అలవాటైన రెండు కాపలాలూ పోతాయి. వాటి చోటు మనమే నింపాలి.

1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఇలాంటి యంత్రం మీద 18 ఏళ్ల అమ్మాయి గుండెలో రంధ్రం మూశారు. ఆ యంత్రంలో నిలువు తెరల మీద రక్తాన్ని పల్చగా పారించి, నేరుగా ఆక్సిజన్ తగిలించేవారు. ఇప్పుడు మనం వాడేది సన్నటి బోలు దారాల కట్ట. దారం లోపల గ్యాస్ వెళుతుంది, బయట రక్తం పారుతుంది. మధ్యలో సూక్ష్మ రంధ్రాలున్న పాలీప్రొపిలీన్ గోడ. ఆ గోడని గుర్తు పెట్టుకోండి, దాని వల్ల వచ్చే చిక్కు ఒకటి తర్వాత చెబుతాను.

ముందు గ్యాస్ దారి చూద్దాం. గోడ మీది ఆక్సిజన్, గాలి అవుట్‌లెట్ల నుంచి దాదాపు 4 బార్ ఒత్తిడితో రెండు గొట్టాలు బ్లెండర్‌కి వస్తాయి. బ్లెండర్ రెంటినీ మనం పెట్టిన పాళ్లలో కలుపుతుంది. తర్వాత ఫ్లోమీటర్, తర్వాత మత్తు ఆవిరి ఇచ్చే వేపరైజర్, తర్వాత ఒక చిన్న ఫిల్టర్, చివర పావు అంగుళం గొట్టం ఆక్సిజనేటర్ గ్యాస్ ఇన్‌లెట్‌కి. ఇక్కడ మొదటి పాఠం: ఎఫ్ఐఓ2 (గ్యాస్‌లో ఆక్సిజన్ పాలు) పెంచితే ఆక్సిజన్ పెరుగుతుంది, స్వీప్ (నిమిషానికి పారే గ్యాస్) పెంచితే కార్బన్ డయాక్సైడ్ పోతుంది. పీఏఓ2 (ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి) తగ్గిందని స్వీప్‌ని 3 నుంచి 6 లీటర్లకి తిప్పితే పీఏఓ2 పెద్దగా మారదు. పీసీఓ2 (రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి) మాత్రం జారిపోతుంది, దాంతో మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఆక్సిజన్ ఇవ్వబోయి మెదడుకి తగ్గించినట్టు అవుతుంది. మామూలుగా రక్త ప్రవాహానికి స్వీప్ సగం నుంచి సమానం మధ్యలో మొదలుపెట్టి, పీసీఓ2 చూసి సవరించుకుంటాం.

ఆక్సిజన్ అనలైజర్ వేపరైజర్ తర్వాత ఉండాలి. చాలాచోట్ల బ్లెండర్ పక్కనే పెట్టి వదిలేస్తారు. అక్కడ పెడితే బ్లెండర్ ఏం కలిపిందో తెలుస్తుంది గానీ దిగువన ఏమైందో తెలియదు. ఇంకో సంగతి, అనలైజర్ శాతాన్ని మాత్రమే చూస్తుంది. గొట్టం వేపరైజర్ దగ్గర లీకై సగం గ్యాస్ గదిలోకి పోతున్నా, మిగిలిన సగంలో ఆక్సిజన్ 80 శాతమే కాబట్టి అది 80 అనే చెబుతుంది. ఫ్లోమీటర్‌ది ఇంకో రకం గుడ్డితనం. అది తనలోంచి పోయినదాన్ని కొలుస్తుంది, తన తర్వాత లీకైనదాన్ని కాదు. ఫ్లోమీటర్ లోపలి గుండు 3 లీటర్ల దగ్గర నిలకడగా ఉంటుంది, అనలైజర్ 80 చూపిస్తూ ఉంటుంది, ఆక్సిజనేటర్‌కి మాత్రం సరిపడా రాదు.

అందుకే కేసు మొదలవక ముందు లీక్ పరీక్ష ఒకటి చేయాలి. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, అరనిమిషం పని. గ్యాస్ గొట్టాన్ని ఆక్సిజనేటర్ నుంచి తీసి చేతిలో పట్టుకోండి. తగిలించి ఉండగా ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. 100 శాతం ఆక్సిజన్, 3 లీటర్లు పెట్టండి. గొట్టం కొసని బొటనవేలితో మూయండి. ఫ్లోమీటర్ గుండు కిందకి పడిపోవాలి, దాదాపు సున్నాకి. వేలు తీయగానే ఉఫ్‌మని గ్యాస్ వదలాలి. గుండు పడకుండా 2 దగ్గరో 3 దగ్గరో వేలాడుతూ ఉంటే గ్యాస్ ఎక్కడో బయటికి పోతోందన్నమాట. ఇప్పుడు వేపరైజర్ డయల్ తిప్పి తెరిచి, మళ్లీ అదే పరీక్ష చేయండి. డయల్ మూసి ఉన్నప్పుడు గ్యాస్ వేపరైజర్ లోపలికి వెళ్లదు, కాబట్టి మందు పోసే మూత వదులుగా ఉన్నా బయటపడదు. తెరిచాకే బయటపడుతుంది. కూర్చునే చోట ఉండే రబ్బరు రింగు అరిగినా, వేపరైజర్ మార్చినప్పుడు సరిగ్గా కూర్చోకపోయినా ఇదే జరుగుతుంది. కేసు మధ్యలో మందు అయిపోయి మళ్లీ పోసినప్పుడు మూత గట్టిగా బిగించారా లేదా అన్నది మీ చేత్తో మీరే చూడండి.

అనలైజర్‌ని గాలిలో 21కి, శుద్ధ ఆక్సిజన్‌లో 100కి సరిచూడండి. తర్వాత బ్లెండర్ 60 దగ్గర పెడితే అనలైజర్ కూడా ఆ చుట్టుపక్కలే చూపాలి. 100 పెట్టినా 90 దాటకపోతే సెన్సర్ అయిపోయిందా, బ్లెండర్ చెడిందా అని తేల్చుకోకుండా కేసు మొదలుపెట్టకండి. లోపలి సెల్ వాడినా వాడకపోయినా తరిగిపోతుంది. దాని మీద మార్చిన తేదీ రాసి ఉండాలి.

గొట్టాలు మారిపోయే ప్రమాదం అరుదే, కానీ వస్తే చాలా ఘోరంగా వస్తుంది. పైప్‌లైన్ మరమ్మతు తర్వాత ఆక్సిజన్ అవుట్‌లెట్‌లోంచి ఇంకో గ్యాస్ వస్తోందనుకోండి. దాన్ని పట్టుకోగలిగేది గ్యాస్ దారిలో ఉన్న అనలైజర్ ఒక్కటే. అలాంటప్పుడు కంగారులో బ్లెండర్‌ని 100కి తిప్పితే తప్పు గ్యాస్ ఇంకా ఎక్కువ ఇచ్చినట్టు. ముందు గోడ గొట్టం పీకాలి, ఆ తర్వాతే సిలిండర్ తెరవాలి. పీకకుండా సిలిండర్ తెరిస్తే, ఒత్తిడి ఎక్కువున్నది ఏదైతే అదే గెలుస్తుంది. ఇక బ్లెండర్‌కి వచ్చే రెండు గ్యాస్‌ల్లో ఒకదాని ఒత్తిడి బాగా పడిపోతే చాలా బ్లెండర్లు ఈలలా అరుస్తాయి, మిగిలిన గ్యాస్‌నే పంపుతాయి. ఆక్సిజన్ పోతే వట్టి గాలి వస్తుంది. నాబ్ మాత్రం మీరు పెట్టిన 70 దగ్గరే ఉంటుంది. నాబ్ మనం అడిగినదాన్ని చూపిస్తుంది. వచ్చినదేమిటో తెలియాలంటే అనలైజర్ చూడాల్సిందే.

ఆక్సిజనేటర్‌కి గ్యాస్ నిజంగా చేరుతోందని చెప్పే సులువైన సాక్షి ఇంకొకటి ఉంది, వాడాల్సినంత వాడటం లేదు. ఆక్సిజనేటర్ ఎగ్జాస్ట్ దగ్గర క్యాప్నోగ్రాఫ్ గొట్టం పెట్టండి. రక్తంలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అక్కడ కనిపిస్తుంది. పంప్ తిరుగుతుండగా ఆ అంకె ఒక్కసారిగా సున్నాకి పడితే, స్వీప్ రావడం లేదని అర్థం, గొట్టం ఊడిందో, మడత పడిందో, ఎవరైనా ఫ్లోమీటర్ కట్టేశారో. అనలైజర్‌కీ ఫ్లోమీటర్‌కీ కనపడనిది దీనికి కనపడుతుంది. ఎలాగూ వెంటిలేటర్ ఆగింది కాబట్టి ఆ క్యాప్నోగ్రాఫ్ ఖాళీగానే ఉంటుంది.

ఎగ్జాస్ట్ అన్నాను కాబట్టి ఇందాక గుర్తు పెట్టుకోమన్న గోడ సంగతి. ఎగ్జాస్ట్ దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. అక్కడ గుడ్డ పడినా, మత్తు ఆవిరి లాగే స్కావెంజింగ్ గొట్టం మూసుకుపోయినా, దారాల లోపల గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది. అది రక్తం వైపు ఒత్తిడిని మించిన క్షణంలో సూక్ష్మ రంధ్రాల్లోంచి బుడగలు రక్తంలోకి వస్తాయి. అందుకే స్కావెంజింగ్‌ని ఎగ్జాస్ట్‌కి బిగుతుగా కాకుండా, మధ్యలో గాలి సందు ఉండేలా తగిలించాలి. పంప్ ఆగినప్పుడు స్వీప్ కట్టేయడానికి ఒక కారణం కూడా ఇదే, ఆగిన రక్తం వైపు ఒత్తిడి ఉండదు.

ఆ కట్టేసిన స్వీపే ఇంకో ప్రమాదానికి మూలం. బైపాస్ నుంచి దించుతాం, పంప్ ఆపుతాం, స్వీప్ కడతాం. అయిదు నిమిషాల తర్వాత గుండె అలిసిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది, సర్జన్ "మళ్లీ పంప్ మీదకి" అంటారు. అందరి చూపూ గుండె మీద. గొట్టాన్ని నొక్కి ఉంచిన క్లాంప్ తీస్తాం, పంప్ తిప్పుతాం, ప్రవాహం వస్తుంది, ఒత్తిడి లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గ్యాస్ మాత్రం కట్టే ఉంది. వీనస్ లైన్‌లో (రోగి నుంచి వచ్చే గొట్టం) వచ్చిన నల్లటి రక్తమే ఆర్టీరియల్ లైన్‌లో (రోగికి వెళ్లే గొట్టం) తిరిగి వెళుతూ ఉంటుంది. దీనికి మందు ఒక అలవాటు: ఎడమ చేయి ఫ్లోమీటర్ మీద పడకుండా కుడి చేయి క్లాంప్ మీదకి వెళ్లకూడదు. "గ్యాస్ ఆన్" అని పైకి అనాలి, తర్వాతే "పంప్ ఆన్". మొదటిసారి బైపాస్ ఎక్కేటప్పుడు కూడా అంతే. వెంటనే రెండు లైన్లనీ పక్కపక్కన చూడండి. వీనస్ ముదురు మెరూన్, ఆర్టీరియల్ దానికన్నా స్పష్టంగా ఎర్రగా ఉండాలి. పది సెకన్ల తర్వాత కూడా రెండూ ఒకే రంగులో ఉంటే ఏ అంకె కోసమూ ఆగకండి.

ఇప్పుడు గ్యాస్ రక్తంలో కలిసింది. సరిపోతుందా? ఇక్కడ లెక్క వేయాలి. 100 మి.లీ. రక్తంలో ఆక్సిజన్ ఎంతంటే, హీమోగ్లోబిన్‌ని 1.34తో, శాచురేషన్‌తో (హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ పట్టుకున్న శాతం) గుణించి, పీఏఓ2ని 0.003తో గుణించినది కలపాలి. 60 కిలోల మనిషి అనుకుందాం, రక్తం సుమారు 4,200 మి.లీ., హీమోగ్లోబిన్ 11, శరీర వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. సర్క్యూట్‌లో 1,200 మి.లీ. ప్రైమ్ (గొట్టాల్ని ముందే నింపే ద్రవం) ఉంటే బైపాస్ ఎక్కగానే హీమోగ్లోబిన్ దాదాపు 8.6కి దిగుతుంది. కార్డియోప్లీజియా (గుండెను ఆపే ద్రవం), సెలైన్లు కలిసి 8 అయిందనుకోండి. శాచురేషన్ 100 శాతం, పీఏఓ2 200. 8ని 1.34తో గుణిస్తే 10.7, దానికి 0.6 కలిపితే 11.3. అంటే లీటరుకి 113 మి.లీ. ఆక్సిజన్. చదరపు మీటరుకి 2.4 లీటర్ల ప్రవాహం ఇస్తే, ఆ చదరపు మీటరుకి నిమిషానికి అందేది దాదాపు 271 మి.లీ.

తెరమీద అన్నీ పచ్చగా ఉన్నాయి. శాచురేషన్ 100, పీఏఓ2 200, ప్రవాహం పుస్తకంలో చెప్పినంత. కానీ మామూలు ఉష్ణోగ్రత దగ్గర చదరపు మీటరుకి నిమిషానికి 280 మి.లీ. కన్నా తగ్గనివ్వకూడదని ఇప్పుడు చాలామంది పెట్టుకునే హద్దు. దానికన్నా కింద గంటలకొద్దీ నడిపితే ఆపరేషన్ తర్వాత కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. ప్రవాహాన్ని 2.6కి పెంచండి, 294 అవుతుంది. 1.6 చదరపు మీటర్లకి అది 3.84 లీటర్ల నుంచి 4.16 లీటర్లకి, అంతే తేడా. పీఏఓ2ని 200 నుంచి 400కి పెంచితే మాత్రం వచ్చేది 100 మి.లీ.కి 0.6 మాత్రమే. ఎక్కువ ఆక్సిజన్‌తో వచ్చే హాని ఉండనే ఉంటుంది. 150 నుంచి 250 మధ్య ఉంచుకుంటే చాలు. ఇంకా మంచి దారి ముందే ఉంది. ప్రైమ్‌ని 800 మి.లీ.కి తగ్గిస్తే అదే మనిషి హీమోగ్లోబిన్ 8.6 బదులు 9.2 దగ్గర మొదలవుతుంది. సర్క్యూట్ గొట్టాలు పొట్టిగా కోసుకోవడం, రోగి సొంత రక్తంతోనే ప్రైమ్‌ని వెనక్కి తోయడం, ఇవన్నీ ఆక్సిజన్ ఇవ్వడమే.

ఆ లెక్కలో ప్రవాహం అన్నామే, అది నిజమైన ప్రవాహమేనా? రోలర్ పంప్ తన తిరుగుళ్లని లెక్కపెట్టి, మీరు చెప్పిన గొట్టం సైజుతో గుణించి అంకె చూపిస్తుంది. సైజు తప్పు పెడితే అంకె తప్పు. ఆక్లూజన్, అంటే రోలర్ గొట్టాన్ని నొక్కే బిగుతు, వదులైతే రక్తం వెనక్కి జారుతుంది, అంకె మాత్రం మారదు. ఫిల్టర్ పర్జ్ లైన్, బ్లడ్ కార్డియోప్లీజియా, అదనపు నీటిని తీసే హీమోకాన్సెంట్రేటర్, శాంపిల్ లైన్, ఇవన్నీ పంప్ తర్వాత దారిలో రక్తం మళ్లించుకుపోతాయి. కొన్ని వందల మి.లీ. అలా పోతే మన 271 ఇంకా కిందకే. అల్ట్రాసౌండ్ ఫ్లో ప్రోబ్‌ని ఈ చీలికలన్నీ దాటాక, రోగికి దగ్గరగా పెట్టండి. పంప్ అంకెకీ ప్రోబ్ అంకెకీ తేడా ఎంతో చూసుకుంటూ ఉండండి.

వీనస్ శాచురేషన్ 70 పైన ఉంటే బాగుందంటాం. మంచి అంకే, కానీ అది సగటు. మెదడు నుంచి 50తో వచ్చిన రక్తం, కింది శరీరం నుంచి 80తో వచ్చిన రక్తంలో కలిసి 72గా కనిపించవచ్చు. ఇంకో మోసం చలిది. శరీరాన్ని చల్లబరిస్తే హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, కణాల అవసరమూ తగ్గుతుంది, అంకె 85కి లేస్తుంది. దాన్ని చూసి ప్రవాహం తగ్గించి ఉంటాం. మళ్లీ వేడి చేయడం మొదలుపెట్టాక అవసరం త్వరత్వరగా పెరుగుతుంది, మత్తు తేలికవుతుంది, ఇరవై నిమిషాల్లో అంకె 62కి జారుతుంది. వేడి మొదలుపెట్టేటప్పుడే ప్రవాహం, ఎఫ్ఐఓ2 ముందుగా పెంచుకోవాలి. ఆక్సిజనేటర్ నుంచి వెళ్లే రక్తం 37 డిగ్రీలు దాటకూడదు, వచ్చే రక్తంతో తేడా 10 డిగ్రీలకు మించకూడదు. మించితే కరిగిన గ్యాస్ బుడగలవుతుంది.

నుదుటి మీద అంటించే మెదడు ఆక్సీమీటర్‌కి నాడితో పనిలేదు, అందుకే పంప్ మీద కూడా పనిచేస్తుంది. మత్తు ఇవ్వకముందు అంకె రాసుకోవాలి. అక్కడి నుంచి 20 శాతం పడినా, 50 కన్నా దిగినా వెతకాలి. ఒకవైపే పడితే ముందు కాన్యులా (రక్తనాళంలో పెట్టిన గొట్టం), మెడ తిరిగిన తీరు చూడండి. రెండువైపులా పడితే ఒత్తిడి, పీసీఓ2, హీమోగ్లోబిన్, ప్రవాహం. అది చూసేది నుదురు వెనక కొంత మెదడునే. కిడ్నీల గురించి, పేగుల గురించి ఏమీ చెప్పదు. వాటి ఆకలి ల్యాక్టేట్‌లో (ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) ఆలస్యంగా బయటపడుతుంది.

ఇక ఆక్సిజనేటరే చెడితే? మెంబ్రేన్‌కి, అంటే ఆ దారాల కట్టకి, ముందు ఒత్తిడి, తర్వాత ఒత్తిడి రెండూ కొలవాలి. అదే ప్రవాహం దగ్గర రెంటి మధ్య తేడా పెరుగుతూ పోతే లోపల గడ్డ కడుతోందని అనుమానించి, వెంటనే ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) చూడాలి. ఒత్తిడి బాగానే ఉండి, అదే పీఏఓ2 కోసం ఎఫ్ఐఓ2ని 60, 70, 85 అని పెంచుకుంటూ పోవాల్సి వస్తే, వేడి చేస్తున్నందువల్లా, దారాల్లో నీటి ఆవిరి పేరుకున్నందువల్లా, లేక మెంబ్రేనే పోతోందా? స్వీప్‌ని కొద్ది సెకన్లు బాగా పెంచి దించండి. ఆవిరి అయితే ఎగ్జాస్ట్‌లోంచి నీరు చిమ్మి, అంకె కోలుకుంటుంది.

ఆర్టీరియల్ లైన్ నల్లబడితే వరస ఇది. పైకి చెప్పండి, సర్జన్‌కీ అనస్థీషియాకీ వినపడేలా. ఎఫ్ఐఓ2 100. ఫ్లోమీటర్ చూడండి. గొట్టాన్ని ఆక్సిజనేటర్ నుంచి వెనక్కి గోడ దాకా చేత్తో తడుముతూ వెళ్లండి. పది సెకన్లలో దొరక్కపోతే వెతకడం ఆపి, విడిగా పెట్టుకున్న సిలిండర్ గొట్టాన్ని నేరుగా ఆక్సిజనేటర్‌కి తగిలించండి. బ్లెండర్, వేపరైజర్ అన్నీ దారి తప్పించి. రంగు తిరిగొస్తే లోపం గ్యాస్ దారిలో ఉంది, తీరిగ్గా వెతకొచ్చు. రాకపోతే లోపం ఆక్సిజనేటర్‌లో ఉంది. బృహద్ధమని మీద క్లాంప్ లేకుండా గుండె కొట్టుకుంటూ ఉంటే గుండె నింపి, ఊపిరితిత్తులకి గాలి ఇవ్వమని అడగండి. క్లాంప్ ఉంటే చల్లబరుస్తూ, కొత్త ఆక్సిజనేటర్ సిద్ధం చేయించండి. 37 డిగ్రీల దగ్గర పంప్ ఆపితే మెదడుకి ఉన్నది నాలుగైదు నిమిషాలు. ఆ మార్పిడిని ఇద్దరు కలిసి, నీళ్లతో నింపిన సర్క్యూట్ మీద, గడియారం పెట్టుకుని సాధన చేసి ఉండాలి.

ప్రశ్న: సర్క్యూట్‌లోనే రక్తాన్ని కొలిచే ఇన్‌లైన్ మానిటర్ ఉంటే ఏబీజీ (ధమని రక్తంలో గ్యాస్‌ల పరీక్ష) మళ్లీ ఎందుకండి?

సెన్సర్ చూపే అంకె మెల్లగా నిజం నుంచి పక్కకి జరుగుతుందమ్మా. బైపాస్ ఎక్కిన అయిదు పది నిమిషాల్లో మొదటి శాంపిల్ తీసి దాంతో సరిచేయాలి, ఆ తర్వాత అరగంటకోసారి, ఉష్ణోగ్రత బాగా మారినప్పుడల్లా. ఇంకొకటి, ఆ సెన్సర్ చిన్న పక్కలైన్‌లో ఉంటుంది. ఎవరో శాంపిల్ తీసి స్టాప్‌కాక్ (లైన్‌లోని చిన్న కుళాయి) మూసి వదిలేస్తే, ఆ లైన్‌లో రక్తం కదలదు. తెరమీద ఆ నిలిచిపోయిన రక్తం అంకెలే కనిపిస్తూ ఉంటాయి, ఆక్సిజనేటర్‌లో ఏం జరుగుతున్నా సరే. అంకెలు అరగంటసేపు అణువంతైనా కదలకపోతే సంతోషించకండి, స్టాప్‌కాక్ చూడండి.

ప్రశ్న: సిలిండర్ ఎంతసేపు వస్తుంది?

దాని నీటి కొలతని లీటర్లలో తీసుకుని, గేజ్ మీది బార్‌తో గుణించండి. 10 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ ఉంటే 1,500 లీటర్లు. స్వీప్ 5 లీటర్లయితే 300 నిమిషాలు. అదే గేజ్ 50 దగ్గర ఉంటే 100 నిమిషాలే, అందులో కొంత అడుగున వదిలేయాలి. గేజ్‌ని వాల్వ్ తెరిచి చదవండి. మూసి ఉన్నప్పుడు కనపడేది నిన్న మిగిలిన ఒత్తిడి కావచ్చు. రెగ్యులేటర్, సొంత ఫ్లోమీటర్, ఆక్సిజనేటర్‌ని అందుకునేంత గొట్టం ముందే బిగించి పంప్ పక్కన ఉంచాలి. వాల్వ్ తిప్పే తాళంచెవి సిలిండర్ మెడకే గొలుసుతో కట్టి ఉండాలి.